అందరూ హాజరే

నవంబర్ 10, సోమవారం

ఎంఈఓ మళ్లీ వాట్సాప్‌లో పెట్టాడు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు కలిపి ముప్పైకి తగ్గిన బడుల జాబితా పంపాలట. తగ్గితే ఆ మూడు తరగతులు ఎత్తేసి దగ్గర్లోని హైస్కూలుకు కలుపుతారు. మాకు దగ్గర్లోది అంటే ఆరు కిలోమీటర్లు. మధ్యలో వంక. వంక మీద వంతెన కాగితంలో ఉంది.

మా బడిలో ఈ మూడు తరగతులకు పేర్లున్నది ముప్పై ఒక్క మంది. గదిలో తలలు లెక్కపెడితే ఇరవై మూడు. మిగిలినవాళ్లు పత్తికి, మిరపకు, మిల్లుకు. నెల రోజులు వరుసగా రాకపోతే పేరు లెక్కలోంచి పోతుంది.

ఫోనులో హాజరు యాప్ తెరిస్తే అందరి పేర్లూ పచ్చగానే ఉంటాయి. రాని పిల్ల పేరు మీద నొక్కితే ఎర్రగా మారుతుంది. నేను ఎవరి పేరూ నొక్కను. కింద సబ్మిట్ ఒక్కటే నొక్కుతాను. అబద్ధం రాయడం వేరు, రాయకుండా ఊరుకోవడం వేరు. ఆ తేడా తెలుసు కనుకే ముప్పై ఏళ్లు మచ్చ లేకుండా ఉద్యోగం చేశాను.

సర్కారుకు కావలసింది తలలు. తలకొక గుడ్డు, తలకిన్ని గ్రాముల బియ్యం, ఇన్ని తలలకు ఒక టీచరు. ఎమ్మిగనూరులో మా నాన్న మగ్గం నేసేటప్పుడు సొసైటీవాళ్లు గజానికింత అని ఇచ్చేవాళ్లు. నేత బాగుందా లేదా అని గుడ్డను చేత్తో తడిమి చూసి ఇచ్చేవాళ్లు. ఈ పిల్లలకు ఏమొచ్చో తడిమి చూడడానికి పదేళ్లుగా ఎవరూ రాలేదు. లెక్క అడగడానికి మాత్రం రోజూ వస్తారు, ఫోనులో.

నవంబర్ 17, సోమవారం

ప్రేయరు అయ్యాక హుసేనమ్మ వచ్చింది. వెనకాల గుల్నాజ్, ఏడో తరగతి. లెక్కల్లో బడికంతా ముందుండే పిల్ల.

"మేడం, రేపట్నుంచి పాప రాదు. ఆదోనికి తోడుకోని పోతాండా, జిన్నింగు మిల్లుకు."

"పన్నెండేండ్ల పిల్లని మిల్లుకా? సిగ్గు లేదా హుసేనమ్మా?"

"సిగ్గుంది మేడం. దుడ్లు లేవు."

మొగుడు ఆదోని యార్డులో బేళ్లు మోసి నడుము పోగొట్టుకుని రెండేళ్లుగా మంచం మీద ఉన్నాడు. మందులు నెలకు మూడు వేలు. మిల్లులో పాపకు రోజుకు మూడు నూర్లు ఇస్తారట. పత్తి సీజను అయ్యేదాకా, రెండు నెలలట.

"పేరు మాత్రం కొట్టేయద్దు మేడం. జూన్‌లో సర్కారు నా ఖాతాలో ఏసే పదమూడు వేలు పోతాయి. హాజరు ముప్పాతిక ఉండాలంట కదా."

తిట్టవలసినంత తిట్టాను. పిల్లల చేత పని చేయిస్తే కేసు అన్నాను, చదువు విలువ చెప్పాను. ఆమె తల వంచుకుని అంతా విన్నది. చివర్లో "సరేలే, పేరు కొట్టేయనులే" అన్నాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నా మంచితనానికి నాకే ముచ్చటేసింది. గుల్నాజ్ పుస్తకాల సంచి తెచ్చి నా బీరువాలో పెట్టింది, ఇంట్లో ఉంటే తమ్ముడు చింపుతాడని.

నవంబర్ 18

ఏమీ నొక్కలేదు.

నవంబర్ 28, శుక్రవారం

వంట చేసే అంజినమ్మ గరిటె పట్టుకుని ఆఫీసు రూములోకి వచ్చింది. మూడు నెలల బిల్లు రాలేదు. గ్యాసు బండ తేవడానికి చెవి కమ్మలు కుదువ పెట్టిందట.

"బిల్లు రాకపోతే రాకపాయె మేడం. ఆ రాని పిల్లోళ్ల బియ్యం, గుడ్లు తీసుకోని అంగడాయప్ప నూనె ఇస్తాండాడు, పప్పు ఇస్తాండాడు. అవి గూడా లేకపోతే పొయ్యి ఆర్పేదే."

లేని పిల్లలే ఉన్న పిల్లలకు అన్నం పెడుతున్నారు. పైవాళ్లకు తెలియదా? తెలుసు. బిల్లు ఆపినా పొయ్యి ఎందుకు మండుతోందని ఒక్కడూ అడగలేదు. అడిగితే బిల్లు ఇవ్వాలి. తిలా పాపం తలా పిడికెడు. నాది పిడికెడే. అదీ నా ఇంటికి పట్టుకుపోయింది కాదు.

డిసెంబర్ 4, గురువారం

పొద్దున బస్సు మలుపు దగ్గర మిల్లు ఆటో ఎదురైంది. పదిహేను మంది ఆడవాళ్లు, కాళ్లు బయటికి వేలాడేసుకుని. గుల్నాజ్ నన్ను చూసి "మేడం!" అని చేయి ఊపింది. నేను ఫోను చూసుకుంటున్నట్టు తల దించాను. బస్సులో చాలామంది ఉన్నారు.

డిసెంబర్ 9, మంగళవారం

కొత్త సంగతులేమీ లేవు. ఏడో తరగతికి భిన్నాలు మొదలుపెట్టాను. మధ్యాహ్నం సాంబారు, గుడ్డు. ముప్పై ఒకటి.

డిసెంబర్ 10, బుధవారం

గుల్నాజ్ చెయ్యి జిన్ను మిషన్‌లో పడింది. కుడి చెయ్యి. మూడు వేళ్లు పోయాయి. నిన్న మధ్యాహ్నం మూడు గంటలకట.

రోలరు ముందర నిలబడి పత్తి తోస్తుంటే చున్నీ కొస అందులో చిక్కుకుంది. లాక్కోబోయింది. మిల్లులోనే గుడ్డ చుట్టి రెండు గంటలు కూర్చోబెట్టి, ఐదున్నరకు ఆదోనిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. అంజినమ్మ చెప్పింది. చెబుతూ బియ్యం చేట ముందర కూర్చుండిపోయింది.

ఇంకో టీచరు దినేష్ మా బడికి వచ్చి రెండేళ్లు. పై తరగతులు ఎత్తేస్తే మొదట పోయేది అతని పోస్టే. వినగానే అడిగిన మొదటి మాట: "మేడం, నిన్న పాపకు హాజరు పడిందా?"

పడటమేముంది. ఎవరూ నొక్కలేదు.

ఈ రోజు మాత్రం గుల్నాజ్ పేరు మీద నొక్కాను. ఎర్రగా మారింది. నిన్నటిదాకా రోజూ వచ్చిన పిల్ల ఈ రోజే రానట్టు అయింది. నిన్నటిది మార్చాలని చూశాను. ఏ రోజుది ఆ రోజేనట, తర్వాత తెరుచుకోదు.

డిసెంబర్ 12, శుక్రవారం

ఒంటిపూట సెలవు పెట్టి ఆదోని పోయాను. బత్తాయిలు తీసుకుపోయాను. బత్తాయిలు ఎందుకు తీసుకుపోయానో నాకే తెలియదు. ఆ పిల్ల ఒలుచుకోలేదు.

మిల్లువాళ్లు మొదటి రోజు ఆసుపత్రికి కట్టి మాయమయ్యారట. సర్కారు ఆరోగ్య కార్డు మీద ఒక ఆపరేషను అయింది. మిగిలిన రెండు వేళ్లు ముడుచుకుపోకుండా ఇంకోటి చేయాలి. అది కార్డులో రాదట. పైనుంచి రాయించుకుని వస్తే చేయరా అని కౌంటరు దగ్గర అడిగాను. "పాత బిల్లులే ఇంకా రాలేదు మేడం, మేము యాడనుంచి తెచ్చి చేయాల?" అన్నాడు ఆ అబ్బాయి. ఈ మాట అంజినమ్మ కూడా అన్నదే. ఆమె చేతిలో గరిటె ఉంది, ఇతని మెడలో టై ఉంది. లక్షన్నర తెస్తే రేపే చేస్తారు.

గుల్నాజ్ అడిగింది: "భిన్నాలు మొదలుపెట్టినారా మేడం?"

గేటు దగ్గర ఒకతను నమస్కారం పెట్టాడు. ఉమేష్ అట, మిల్లుకు కూలీలను తోలే మేస్త్రి.

"హెడ్‌మాస్టరమ్మ కదా? పాపం, చూడండి మేడం, ఇంటి కాడ గడ్డి మిషన్‌లో చెయ్యి పెట్టుకుంది. నాలుగ్గంటలకు బడి ఇడిసినాక."

"వాళ్లింట్లో గడ్డి మిషన్ యాడుంది? గొడ్డే లేదు."

"గొడ్డు లేకపోతే పక్కింట్లో ఉంటాది." అతను నవ్వలేదు. గొంతు తగ్గించాడు. "మూడు గంటలకు పాప బడిలో ఉన్నట్ల మీ ఫోన్లోనే ఉందంట కదా మేడం. మా సేటు కనుక్కున్నాడు. పెద్ద గండం తప్పింది. అంతా మీ పుణ్యం."

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. తర్వాత బస్సెక్కి వచ్చేశాను.

డిసెంబర్ 15, సోమవారం

హుసేనమ్మ వచ్చింది. ఆసుపత్రి నుంచి నేరుగా, అదే చీరతో.

"లేబర్ ఆఫీసులో అర్జీ ఇచ్చినాము మేడం. సారు మంచోడే. మిల్లుతో ఆపరేషనుకు దుడ్లు కక్కిస్తానన్నాడు. మూడు గంటలకు పాప బడిలో లేదని మీరొక్క మాట రాసిస్తే సాలంట."

"మరి పదమూడు వేలు పోతాయే?"

"పోనీ మేడం. సెయ్యే పోతాంటే."

చూద్దాంలే అన్నాను. నెలలోపల ఆపరేషను కాకపోతే ఆ రెండు వేళ్లూ పనికిరావని డాక్టరు చెప్పాడట. అది కూడా చెప్పి పోయింది.

డిసెంబర్ 18, గురువారం

లేబర్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. డిసెంబర్ తొమ్మిదిన ఫలానా విద్యార్థిని బడికి హాజరైనదీ లేనిదీ తెలపగలరు.

ఎంఈఓకు ఫోను చేశాను. చేయకుండా ఉండాల్సింది. ఎందుకు చేశానంటే, ఆయన ఏమంటాడో తెలుసు కనుక.

"రికార్డు యట్లుంటే అట్ల రాసి పంపమ్మా. సొంత కవిత్వం వద్దు. ఆ ఒక్క దినం తప్పంటే మొత్తం తిరగేస్తారు. తొమ్మిది మంది పిల్లోళ్లు, ఇన్ని నెలలు. బియ్యం రికవరీ, గుడ్లు రికవరీ, తల్లులకు పడిన డబ్బు గూడా రికవరీ. రిటైర్మెంటు ఎంతుంది నీకు?"

"పద్దెనిమిది నెలలు సార్."

"ఇంకేమి మరి."

దినేష్ వరండాలో నిలబడి అంతా విన్నాడు. నేను ఫోను పెట్టేశాక లోపలికి వచ్చి, నాకు టీ పోసి ఇచ్చాడు. ఎప్పుడూ పోయని మనిషి.

డిసెంబర్ 19, శుక్రవారం

రాసి పంపాను. నకలు ఇక్కడ దింపుతున్నాను: "పాఠశాల రికార్డు ప్రకారం సదరు విద్యార్థిని ఆ దినము రెండు పూటలా హాజరు."

'రికార్డు ప్రకారం' అన్నాను. పిల్ల వచ్చిందని నేను అనలేదు. చదివేవాడికి బుద్ధి ఉంటే ఆ రెండు మాటల దగ్గర ఆగుతాడు. పాము చావకుండా, కర్ర విరగకుండా రాశాను.

డిసెంబర్ 20, శనివారం

పద్నాలుగు మంది ఆడపిల్లలు. పై తరగతులు ఎత్తేస్తే వీళ్లలో ఒక్కరు కూడా వంక దాటి ఆరు కిలోమీటర్లు పోరు. వెంటనే పత్తికి పంపుతారు, లేదా పెళ్లి చేస్తారు. అప్పుడు ఎన్ని చేతులు మిషన్లలో పడతాయి? ఇది కూడా లెక్కే కదా. పద్నాలుగు మందిని నిలబెట్టడానికి ఒక్క పిల్లను

ఈ వాక్యం కొట్టేయాలి.

డిసెంబర్ 24

హుసేనమ్మ ఫోను. ఎత్తలేదు.

డిసెంబర్ 26

రెండుసార్లు చేసింది. క్లాసులో ఉన్నాను.

డిసెంబర్ 29

మళ్లీ చేసింది. బస్సులో ఉన్నాను, వినపడలేదు.

బస్సులో లేను. ఇంట్లో కూర్చుని ఆ ఫోను మోగడం ఆగేదాకా చూశాను. ఎవరికోసం రాస్తున్నాను ఇక్కడ కూడా అబద్ధాలు?

జనవరి 7, బుధవారం

ఎంఈఓ మీటింగులో మా బడి పేరు చదివాడు. మండలంలో హాజరు శాతంలో రెండో స్థానం. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

జనవరి 20, మంగళవారం

గుల్నాజ్ బడికి వచ్చింది. చేతికి తెల్లగుడ్డ సంచీ లాగా కుట్టి తొడిగింది వాళ్లమ్మ. ఎడమ చేత్తో రాస్తోంది. పేరు రాయడానికి అర పేజీ పట్టింది. ఇద్దరు పిల్లలు నవ్వితే వాళ్లను బెంచీ ఎక్కించాను. ఎక్కించాక వాళ్లను చూడలేకపోయాను.

లక్షన్నర పుట్టలేదు. నెల దాటింది. అయితే మిల్లు నుంచి డబ్బు వస్తే కర్నూలులో ఇంకో డాక్టరు చేస్తానన్నాడట, కొంచెం ఆలస్యమైనా ఒక వేలైనా కదిలేటట్టు చేస్తానన్నాడట. హుసేనమ్మ తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు.

"కాగితం అట్ల పోయింది, సరే మేడం. నీ కష్టం నీకుంటాది. లేబరు సారుకు గూడా అనుమానముంది. బడికే వచ్చి అడుగుతాడంట. అప్పుడన్నా సెప్పు. కాగితం మీద కాదు, నీ నోటితో సెప్పు."

"సెప్తాను హుసేనమ్మా," అన్నాను. నిజంగానే అన్నాను.

జనవరి 27, మంగళవారం

రేపు పదకొండు గంటలకు లేబర్ ఆఫీసరు వస్తాడు. హుసేనమ్మ కూడా ఆ వేళకు వస్తానంది.

చెప్తాను. ఏం చెప్పాలో కూడా అనుకున్నాను: "సార్, డిసెంబర్ తొమ్మిదిన గుల్నాజ్ బడికి రాలేదు. నవంబర్ పద్దెనిమిది నుంచే రాలేదు. హాజరు తప్పు. ఆ తప్పు నాది." నాలుగు వాక్యాలు. సస్పెండ్ చేస్తే చేయనీ. పెన్షను ఆపితే ఆపనీ. మా నాన్న మగ్గం గుంటలోనే కూర్చుని ముసలివాడయ్యాడు, చచ్చిపోలేదుగా.

మధ్యాహ్నం దినేష్ ఏడో తరగతిలో తలుపు వేసి పావుగంట మాట్లాడాడు. ఏమని అడగలేదు. అడగాల్సింది. రేపు ఎలాగూ నేనే చెప్తాను కదా అనుకున్నాను.

జనవరి 28, బుధవారం

ఆయన పదకొండుకు కాదు, పదింపావుకే వచ్చేశాడు. ఇంకో చోటికి కూడా పోవాలట. హుసేనమ్మ ఇంకా రాలేదు. బక్కపలచని మనిషి, చెమటలు తుడుచుకుంటూ నేరుగా ఏడో తరగతిలోకి నడిచాడు. నేను వెనకాలే పోయాను. నాలుగు వాక్యాలూ నోట్లోనే ఉన్నాయి. కూర్చోమని కుర్చీ వేశాక చెప్పాలనుకున్నాను. ఆయన కూర్చోలేదు.

"గుల్నాజ్ అంటే ఎవరు పాపా? భయపడద్దు. డిసెంబర్ తొమ్మిదో తేదీ మధ్యాన్నం నువ్వు యాడుండావు?"

గుల్నాజ్ లేచి నిలబడింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"బడిలో ఉండాను సార్."

ఆయన కాగితం దించి ఆ పిల్ల వైపు చూశాడు. "ఎవరైనా అట్ల సెప్పమన్నారా?"

"లేదు సార్. ఆ దినం మేడం భిన్నాలు సెప్పింది. సాయంత్రం ఇంటికి పోయినాక గడ్డి మిషన్‌లో తగిలింది."

తడబడలేదు. ఒక్క అక్షరం కూడా తప్పలేదు. లెక్కల్లో ముందుండే పిల్ల. మిగతా పిల్లలందరూ ఆమె వైపు కాదు, నా వైపు చూస్తున్నారు. దినేష్ కిటికీ అవతల చూస్తున్నాడు.

"పాపే సెప్తాండాది," అన్నాడు ఆఫీసరు, చాలా మెల్లగా. నాకు అవకాశం ఇస్తున్నాడని తెలుసు. "మీరేమన్నా సెప్పేదుందా మేడం?"

ఇప్పుడు నిజం చెప్పాలంటే నేనే చెప్పాలి. చెబితే అందరి ముందూ ఈ పిల్ల అబద్ధం ఆడిందని కూడా చెప్పినట్టవుతుంది. ఇలా అనుకున్నాను ఆ క్షణంలో. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది, చెప్పకుండా ఉండడానికి ఒక కారణం దొరికినందుకు నా ప్రాణం ఎంత హాయిగా ఊపిరి తీసుకుందో.

"లేదు సార్," అన్నాను.

సంతకం పెట్టించుకున్నాడు. ఇంక ఈ అర్జీ మూసేస్తామని చెప్పి బండెక్కాడు. టీ కూడా తాగలేదు.

గుల్నాజ్‌ను ఆఫీసు రూములోకి పిలిచాను. తలుపు వేశాను.

"ఎందుకు అట్ల సెప్పినావు?"

"నేను రాలేదంటే మన బడి ఎత్తేస్తారంట కదా మేడం. మిమ్మల్ని గూడా పనిలోంచి తీసేస్తారంట. దినేష్ సార్ సెప్పినాడు." చేతి గుడ్డ సర్దుకుంది. "మా అమ్మకు మాత్రం సెప్పద్దు మేడం, కొడ్తాది."

బయట గేటు చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే హుసేనమ్మ. పదకొండు ఇంకా కాలేదు. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, గబగబా నడిచి వస్తోంది.

గుల్నాజ్ వాళ్లమ్మను చూడలేదు. నా మొహంలోకే చూస్తోంది, పద్యం అప్పజెప్పిన పిల్లలు చూసినట్టు.

"బాగా సెప్పినానా మేడం?"

బాగా సెప్పినావు అన్నాను.